అక్కడ అప్పాజీ ఉంటాడట

నవంబరు 7, శుక్రవారం

బీరువా మీది పెట్టెలో తెల్ల చీర దొరికింది. స్వెట్టరు కోసం పెట్టె దించితే అడుగున, నా పెళ్ళి పంచె కింద, కవర్లో చుట్టి ఉంది. కొత్తది. అంచు లేదు, పువ్వు లేదు, ఎక్కడా రంగు చుక్క లేదు.

నేను బతికే ఉన్నాను కదా.

మా గోదావరి వైపు ఆడది ఇలాంటి చీర ఎప్పుడు కడుతుందో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. వీరవేణి ఒకసారి కట్టింది, అప్పాజీ పోయినప్పుడు. అప్పాజీ అంటే దాని మొదటి మొగుడు. వాళ్ళింట్లో అందరూ ప్రభువుని నమ్ముకున్నవాళ్ళు. పోయాక పూడ్చిపెట్టి, సమాధి మీద ప్రభువులో నిద్రపోయాడని రాయించారట. తర్వాత ఇది వంటపనికి బహ్రెయిన్ వచ్చింది, నా కంట పడింది, రెండేళ్ళ కిందట అన్నవరంలో మూడు ముళ్ళు వేశాను. నిద్రపోతున్నవాడి సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

ఈమధ్య ఆరు నెలల నుంచి ఇదీ సంఘం ప్రార్థనలకి వెళ్తోంది, ఇక్కడ సెలవు శుక్రవారం కదా, ఆ రోజే పెడతారు. వెళ్ళనీలే, నలుగురు తెలుగువాళ్ళు కనబడతారు అనుకున్నాను. ఇప్పుడేమో తెల్ల చీర.

చీర ఎలా ఉందో అలాగే పెట్టేశాను. అడగలేదు. అడిగితే దాచే చోటు మారుస్తుంది, అంతే.

నవంబరు 8

స్వెట్టరు దొరికిందా అని అడిగింది. పెట్టె దించనే లేదన్నాను. లాబీలో ఏసీ కింద రోజంతా వణికాను.

నవంబరు 10

నేను ఊరికే అనుమానించే మనిషిని కాను. కాపలా వాడికి అనుమానమే అన్నం పెడుతుంది. ఈ జుఫైర్ ఏరియాలో మా బిల్డింగుకి ఫలానా ఫ్లాటు వాళ్ళ చుట్టాన్ని అని ఎవడొచ్చినా, నిజంగా చుట్టమో కాదో వాడు లిఫ్టు కోసం నిలబడే తీరు చూసి చెబుతాను. బిల్డింగంతా కాసి, పార్కింగు పక్కనున్న నా గదిలోకి వచ్చాక మాత్రం కళ్ళు మూసుకున్నాను.

ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. డ్యూటీ దిగి గదిలోకి రాగానే వీరవేణి ముందు నా మొహం దగ్గరికి వచ్చి గాలి పీలుస్తుంది. రెండేళ్ళూ ప్రేమ అనుకున్నాను. నేను కాస్త గొంతు పెంచానంటే చాలు, చేతిలో పని వదిలేసి గోడకి ఆనుకుని నిలబడిపోతుంది. ఎదురు మాట ఉండదు. గౌరవం అనుకున్నాను. మనసు ఇక్కడ లేని మనిషి కూడా అలాగే ఉంటుందేమో.

అన్నిటికన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఇప్పటిదాకా అప్పాజీ పేరు దాని నోట్లోంచి రాలేదు. పెళ్ళి రిజిస్టరు చేయించేటప్పుడు మొదటి భర్త పేరు చెప్పమ్మా అని ఆఫీసాయన అడిగితే తల దించుకుని నావైపు చూసింది. నేనే చెప్పాల్సి వచ్చింది. మొగుడి పేరు పెళ్ళాం పలకదు, నిజమే. మా అమ్మ మా నాన్న పేరు పలకలేదు, ఇది నా పేరూ పలకదు. కానీ చచ్చిపోయినవాడు ఇంకా మొగుడేనా? అయితే నేనెవర్ని?

నవంబరు 12

రాజనర్సుని కదిపాను. మా బిల్డింగులో కార్లు కడుగుతాడు, జగిత్యాల వైపు మనిషి. బహ్రెయిన్లో ఉండి కూడా ఇంటికి ఫోన్ చేస్తే దుబాయిలో ఉన్నానంటాడు, వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే. నా ఫ్రెండు భార్య సంగతి అని చెప్పి మొత్తం చెప్పాను. స్పాంజి పిండుతూ విన్నాడు.

“గా నమ్మినోళ్ళు సచ్చినా సావరంట అన్నా,” అన్నాడు. “నేను అస్కర్ లేబర్ క్యాంపుల ఉన్నప్పుడు ఓ అన్న రోజూ చెప్తుండె. మీద మంచి జాగ ఉంటదంట. ముందుగాల పోయినోడు ఆడ కూసోని, ఎనక వచ్చెటోళ్ళ కోసం ఎదురు సూస్తడంట.”

“భార్య కోసమా?”

“మరెవ్వల కోసం సూస్తడు, కంపెనీ మేనేజర్ కోసమా?” నవ్వాడు. “నీ ఫ్రెండుకు చెప్పు, జర పైలం అని. బతికున్నోనితోటి కొట్లాడొచ్చు గని సచ్చినోనితోటి ఏం కొట్లాడుతడు?”

ఫ్రెండు అంటే నమ్మాడో లేదో. వీడి మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.

నవంబరు 14, శుక్రవారం

నేనూ ప్రార్థనకి వస్తానంటే ముందు నమ్మలేదు. తర్వాత గబగబా నా చొక్కా ఇస్త్రీ చేసింది, నేను మనసు మార్చుకుంటానేమోనని.

ఒక విల్లాలో మేడ మీద హాలు. గుమ్మంలో చెప్పుల గుట్ట, వెనక గదిలో డేగిసా నిండా బిర్యానీ. పాస్టరు ఏసుపాదం గారు నెమ్మదస్తుడే. మిగతా రోజుల్లో ఏదో కంపెనీలో స్టోర్ కీపరట. ఈ వారం సంఘంలో ఒకతని తండ్రి ఊళ్ళో పోయాడని చావు గురించే చెప్పారు. నమ్మినవాళ్ళకి చావు నిద్రలాంటిది, కడబూర మోగగానే లేస్తారు అన్నారు. పావుగంట పోయాక, ఆ పెద్దాయన ఇప్పటికే ప్రభువు దగ్గర కూర్చుని పాటలు పాడుతున్నాడు అన్నారు. నిద్రపోతున్నాడా, పాడుతున్నాడా? డ్యూటీలో ఉన్నవాడు ఏదో ఒకటి చెయ్యాలి. రెండూ చేస్తున్నానంటే మా సూపర్వైజరు ఊరుకోడు. ఇది ఎవరూ అడగలేదు, అందరూ ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత అన్నారు, “మనకన్నా ముందు వెళ్ళినవాళ్ళని అక్కడ కళ్ళారా చూస్తాం. వాళ్ళు మన కోసం ఎదురు చూస్తున్నారు.” ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశాను. వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. భుజాలు ఊగిపోతున్నాయి.

ఇంకేం కావాలి? దొంగ దొరికిపోయింది. బిర్యానీ బ్రహ్మాండంగా ఉందన్నారు అందరూ. నాకు గడ్డి తిన్నట్టుంది.

నవంబరు 15

చచ్చినవాడు అదృష్టవంతుడు. వాడికి బట్టతల రాదు. నాకు నలభై నాలుగు.

నవంబరు 19

ఏమీ అడక్కుండానే రొయ్యల ఇగురు వండింది. ఎందుకో?

నవంబరు 21, శుక్రవారం

ప్రార్థన అయ్యాక పాస్టరు గారిని మేడ మెట్ల దగ్గర పట్టుకున్నాను. మళ్ళీ ఫ్రెండే దిక్కయ్యాడు.

“మా ఫ్రెండొకడున్నాడండి. వాడి భార్యకి అంతకుముందు ఒక మొగుడు. ఆయన నమ్మి పోయాడు. ఆవిడా నమ్మితే, అక్కడ ఆవిడ ఎవరి భార్య అవుద్దండి?”

ఆ ఫ్రెండెవరని ఆయన అడగలేదు. “ఇదే మాట ప్రభువునే అడిగారండి, సోమరాజు గారూ. ఒకావిడకి ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు భర్తలు. అందరూ పోయారు, ఆవిడా పోయింది. లేచిన రోజున ఎవరి భార్య, అని.”

“ఏమన్నారండి?”

“ఎవరి భార్యా కాదన్నారు. అక్కడ పెళ్ళిళ్ళు లేవండి. మొగుడూ పెళ్ళాం అనేది ఈ లోకం వరకే. అక్కడ అందరూ దేవదూతల్లా ఉంటారు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పాజీ పని ఖలాస్. ఎంతసేపు కూర్చుని ఎదురు చూస్తాడో చూడనీ! ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను.

ఆయన ఇంకోటి కూడా చెప్పారు. “వీరవేణమ్మ గారు బాప్తిస్మం తీసుకుంటానన్నారు. దానికని తెల్ల చీర కూడా కొనుక్కున్నారు. తీరా రోజు దగ్గర పడేసరికి వద్దంటున్నారు. ఇప్పటికి రెండుసార్లయింది. మీరేమన్నా వద్దంటున్నారా?”

“అబ్బే, నేనెందుకంటానండీ.”

తెల్ల చీర అందుకన్నమాట. వాళ్ళలో అది శుభానికి కట్టేది. రెండు వారాలు నన్ను నేనే చంపుకున్నాను.

నవ్వుకుంటూ బస్సెక్కాను. వీరవేణి ఆడవాళ్ళతో ముందు కూర్చుంది. సిగ్నల్ దగ్గర బస్సాగినప్పుడు తట్టింది. ఎవరి భార్యా కాదంటే నా భార్యా కాదు. నలభై రెండేళ్ళు వచ్చేదాకా నేను అన్నం తిన్నానో లేదో కనుక్కునే మనిషి లేదు నాకు. ఇప్పుడు ఉంది. అది కూడా ఇక్కడి వరకేనట. నేను ఇవన్నీ నమ్మను. నమ్మనివాడికి ఇంత బాధెందుకో తెలియడం లేదు.

నవంబరు 22

పాస్టరు గారి మాట వీరవేణికి చెప్పలేదు. పిచ్చిది, అప్పాజీ మీద ఆశ పెట్టుకుని ఉంది. జాలేసి చెప్పలేదు.

నవంబరు 23

జాలి వల్లే.

నవంబరు 26

బాప్తిస్మం ఎందుకు వాయిదా వేస్తోందో అంతు పట్టడం లేదు. వాడి దగ్గరికి పోవాలని ఉన్నది గబగబా దిగాలి కదా నీళ్ళలోకి.

నవంబరు 28, శుక్రవారం

తలనొప్పి అని ప్రార్థన మానేసింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక నా వల్ల కాలేదు.

“ఆ తెల్ల చీర సంగతి ఇవాళ తేలిపోవాలి,” అని గట్టిగానే అన్నాను. పెట్టె దించుదామని బీరువా మీదికి చెయ్యెత్తాను.

వీరవేణి ఒక్క ఉదుటున లేచి మూలకి పోయింది. మోకాళ్ళు ముడుచుకుని, రెండు మోచేతులూ తల మీద అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. నా చెయ్యి ఇంకా పైనే ఉంది.

“పెట్టె దించుతున్నానే,” అన్నాను.

అది చేతులు తియ్యలేదు. పెట్టె వదిలేసి కింద కూర్చున్నాను, దూరంగా.

“కొట్టేవాడా?”

తల ఊపింది.

మోచేతి పైన మచ్చ ఉంది దానికి. వేడి నూనె పడిందని చెప్పింది పెళ్ళైన కొత్తలో. “అది?”

“అట్లకాడండి. కాల్చి పెట్టారు.”

“నేను రాగానే గాలి పీలుస్తావు...”

“తాగొచ్చారేమోనని. మీరు తాగరని తెలుసండి. అలవాటైపోయింది, ఏం చెయ్యను?”

తర్వాత తనే చెప్పింది, గోడకేసి చూస్తూ. “కాకినాడ ఆస్పత్రిలో ఆఖరి వారం పాస్టరు గారి చెయ్యి పట్టుకుని తెగ ఏడ్చారండి. చేసినవన్నీ ఒప్పేసుకున్నారు. దేవుడు క్షమించేశాడన్నారు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. నన్నొక్క మాట అడగలేదండి ఎవరూ.”

“మరి ఆ ప్రార్థనలకి ఎందుకు వెళ్తున్నావే?”

“నాకు ప్రభువంటే ఇష్టమండి. ఆ పాటలు పాడుతుంటే కడుపులో బెదురు పోద్ది. బాప్తిస్మం తీసుకోవాలనే ఉంది. కానీ ఆ నీళ్ళలో దిగితే నేనూ ఎల్లేది అక్కడికే కదండీ. అక్కడ ఆయన ఉంటారు. ఎదురు చూస్తున్నారని చెప్తున్నారు కదా. నాకు పనిలో ఆలస్యమైతే గుమ్మంలో కూర్చుని అలాగే ఎదురు చూసేవారండి.” మోచెయ్యి తడుముకుంది. “బతికున్నన్నాళ్ళూ అంటే పడ్డాను. అక్కడ చావు కూడా ఉండదంటున్నారు. ఎప్పటికీ అంటే ఎలాగండీ?”

చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉంది. నిన్నక్కడ ఎవరూ పెళ్ళామనరే, అంటే చాలు. టీ పెట్టుకొస్తానని లేచాను.

నవంబరు 29

నాలుగో అంతస్తులో పిల్లి తప్పిపోతే కూర్చున్న చోట నుంచి చెప్పాను ఎక్కడుందో. అంత తెలివైనవాణ్ణి నేను.

డిసెంబరు 1

ఆలోచించాను. చెప్పకపోతే ఏమవుతుంది? బాప్తిస్మం మానేస్తుంది. ఇద్దరం కలిసి, నమ్మనివాళ్ళు ఎక్కడికి పోతారో అక్కడికే పోతాం. అన్నవరం దేవుడు సాక్షిగా ఏడడుగులు వేశాం, ఏడేడు జన్మల బంధం అంటారు. దానికీ భయం లేదు, నాకూ భయం లేదు. కడుపులో చల్ల కదలకుండా ఉండొచ్చు.

చెబితే దానికి భయం పోతుంది, నాకు పెళ్ళాం పోతుంది.

దానికి కూడా చెప్పకపోవడమే మంచిదేమో. శుక్రవారం ఇంట్లోనే ఉంటే విశ్రాంతి.

డిసెంబరు 2

ఈసా టౌన్లో అది వంట చేసే ఇంటి మలయాళీ టీచరు గారు ఫోన్ చేశారు. వీరవేణికి ఒంట్లో బాగాలేదా, పిల్లలతో కూడా మాట్లాడటం లేదు అని. బాగానే ఉంది మేడమ్ అన్నాను. గిన్నెలు తోముతూ పాటలు పాడేది. పది రోజులుగా నీళ్ళ చప్పుడు తప్ప ఇంకోటి వినబడలేదు.

డిసెంబరు 3

పొద్దున పార్కింగులో రాజనర్సు చంకలో ప్లాస్టిక్ కవరు. ఎక్కడో చూసినట్టుందే అని దగ్గరికి పోయాను. తెల్ల చీర.

“ఇదెక్కడిది నీకు?”

“వదినె ఇచ్చిందే. కార్లు తుడుసుకో అన్నది. కొత్తగుంది అన్నా, చింపబుద్ధి అయితలేదు. మళ్ళ అడుగుదామని ఆగిన.”

లాక్కున్నాను. మనిషి భయపడ్డాడు. “నేను అడగలేదన్నా, ఒట్టు, ఆమెనే ఇచ్చింది.” వాడి తప్పు లేదు. వాడికి నా పాత తువ్వాళ్ళు రెండు ఇచ్చాను.

డ్యూటీ అంతా ఆ కవరు నా బల్ల సొరుగులో ఉంది. వచ్చేపోయేవాళ్ళని ఎవర్నీ సరిగా చూడలేదు. ఎవరెవరు లోపలికి పోయారో కూడా తెలియదు.

డిసెంబరు 4

చెప్పేశాను.

అన్నం వడ్డిస్తోంది. చీర తెచ్చి మంచం మీద పెట్టాను. దాన్ని చూసి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పాస్టరు గారు నాకు చెప్పిందంతా చెప్పాను. ఏడుగురు మొగుళ్ళ సంగతి కూడా చెప్పాను. ఫ్రెండు పేరు చెప్పి అడిగానని కూడా చెప్పాను.

“పాస్టరు గారే అన్నారా? మీరు నా కోసం కల్పించడం లేదు కదా?”

“ప్రభువే అన్నాడట. కావాలంటే ఫోన్ చేసి అడుగు.”

అడిగింది. నిజంగానే ఫోన్ చేసింది, నా మీద అనుమానం! ఆయన అవతల నుంచి చెబుతుంటే, “ఆయ్... ఆయ్...” అంటూ నేల మీద కూలబడి విన్నది. పెట్టేసి నావైపు తిరిగింది.

“అంటే అక్కడ ఆయన పిలిస్తే నేను పలకక్కర్లేదండీ?”

“అక్కర్లేదు.”

“అన్నం పెట్టమంటే?”

“అక్కడ ఆకలే ఉండదట. పెట్టమని అడిగే హక్కు అసలే ఉండదు.”

ఏడ్చింది. ఆ రోజు హాల్లో ఏడ్చినట్టు కాదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా బిగ్గరగా ఏడ్చింది. తర్వాత చల్లారిపోయిన అన్నం ఇద్దరం తిన్నాం.

మరి మన సంగతేంటండీ అని అడుగుతుందని కూర్చున్నాను. అడగలేదు.

డిసెంబరు 5, శుక్రవారం

ప్రార్థనకి వెళ్ళింది. వచ్చాక గిన్నెలు తోముతూ పాడింది. నా సంగతి ఇవాళ కూడా అడగలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

బాప్తిస్మం అయింది.

ఇక్కడ జనం సెలవు రోజుల్లో అద్దెకు తీసుకుని పిక్నిక్ చేసుకుంటారే, స్విమ్మింగ్ పూల్ ఉన్న తోట, అలాంటిదాన్ని సంఘం వాళ్ళు పొద్దుటికి మాట్లాడారు. పూల్ పక్కన పిల్లల జారుడుబల్ల, గాలి పోయిన రబ్బరు బాతు. ఇక్కడి నేషనల్ డే వస్తోందని గోడ మీద ఎర్ర తెలుపు దీపాలు. ఇంత పెద్ద పని ఇలాంటి చోటా అనిపించింది గానీ నోరు మూసుకున్నాను. నా డ్యూటీ తువ్వాలు పట్టుకోవడం.

తెల్ల చీరలో వీరవేణి బాగుంది. ఆ మాట రాయడానికి నాకు నెల పట్టింది.

నీళ్ళు గడ్డకట్టినట్టున్నాయి. ఏసుపాదం గారు నడుం లోతులో నిలబడి, నమ్ముతున్నావా అమ్మా అని అడిగారు. నమ్ముతున్నానండి అంది, వణకకుండా. వెనక్కి వాల్చి ముంచారు. మొత్తం మునిగిపోయింది. తెల్ల కొంగు ఒక్కటే పైన తేలుతోంది. ముంచడం సరే, లేపుతారా అని నాకు దడ పట్టుకుంది.

లేపారు. అందరూ చప్పట్లు కొడుతుంటే చూసుకున్నాను, బూట్లతో సహా పూల్ మెట్లు దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను.

“మీరూ వస్తారా సోమరాజు గారూ?” పాస్టరు గారు నవ్వారు.

“లేదండి. తువ్వాలు ఇద్దామని.”

వ్యాన్లో వెనక సీట్లో కూర్చున్నాం. నా ప్యాంటు నీళ్ళు కారుతోంది, దాని జుట్టు నీళ్ళు కారుతోంది. స్వెట్టరు విప్పి దానికి కప్పాను.

“చలేస్తోందా?”

“కొంచెం. అప్పాజీ అయితే ఆ నీళ్ళు చూసే పారిపోయేవాడు,” అంది.

నేను దాని మొహం చూశాను. అప్పాజీ అంది. ఎదురింటివాణ్ణి అన్నట్టు, మామూలుగా. పారిపోయేవాడు అంది. ఏమందో తనకీ తెలిసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపాగి చెయ్యి తీసేసింది.

“అక్కడ ఉంటే ఉండనీండి. ఓ పక్కన,” అంది.

అప్పుడు అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

“మరి నా పేరు?”

“మీ పేరేంటి?”

“అదే. నా పేరు కూడా చెప్పు చూద్దాం.”

స్వెట్టరు మెడ దాకా లాక్కుని, ముందు కూర్చున్నవాళ్ళు వింటున్నారేమోనని ఓసారి చూసి, “బాగుంది వరస,” అంది. “మొగుడి పేరు ఎవరన్నా చెప్తారేంటండీ?”

జుఫైర్ వచ్చేలోపు ఇంకో రెండుసార్లు అడిగాను. చెప్పలేదు.